ఎర్త్ తీగ పూర్వకథ

మోటారు బండి పుట్టిన తొలినాళ్ళలో దానికి విద్యుత్తుతో పని మిక్కిలి స్వల్పము. ముందు దీపములు కార్బైడు గ్యాసుతోనో కిరసనాయిలుతోనో వెలిగెడివి. హారన్ రబ్బరు బుడ్డను నొక్కినచో మ్రోగెడిది. ఇంజనును మేల్కొలుపుటకు ముందువైపున హ్యాండిలు దూర్చి త్రిప్పగల కండపుష్టి గల క్లీనరు ఒకడు చాలును. సిలిండరులలో నిప్పురవ్వ పుట్టించుటకు మ్యాగ్నెటో యను చిన్న యంత్రమొకటి ఉండెడిది గాని, అది తనకు వలసిన విద్యుత్తును తానే పుట్టించుకొని తానే వెచ్చించుకొనునది గనుక బ్యాటరీతో దానికి ప్రసక్తియే లేదు. 1912లో అమెరికా దేశపు కాడిలాక్ సంస్థవారు, చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన సెల్ఫ్ స్టార్టరును తమ బండ్లకు అమర్చిన నాటినుండి ఈ స్థితి మారిపోయెను. సెల్ఫ్ తిరుగుటకు బ్యాటరీ వలయును. బ్యాటరీ నిండుటకు డైనమో వలయును. ఇంజను వేగముతో పాటు పెచ్చు పెరిగిపోవు డైనమో ధాటిని అణచుటకు రెగ్యులేటరు వలయును. ఇన్నింటిని కలుపుటకు తీగలు వలయును. ఆ తీగల వెంటనే కొత్త వృత్తి యొకటి పుట్టినది. ఇంజను మేస్త్రీ వేరు, ఎలక్ట్రీషియను వేరు అను విభజన మన షెడ్లలో నేటికిని చెల్లుచున్నది.

విద్యుత్తు పోవుటకు ఒక త్రోవయు, మరలివచ్చుటకు వేరొక త్రోవయు ఉండవలయును. తంతి తపాలావారు తొలుత రెండు తీగలు లాగెడివారు. 1838లో జర్మను శాస్త్రజ్ఞుడు స్టైన్‌హైల్ రెండవ తీగకు మారుగా భూమినే వాడవచ్చునని చూపగా, వేల మైళ్ళ తీగ ఖర్చు తప్పినది. మోటారు నిర్మాతలు ఆ పొదుపునే అనుసరించి, బండి ఛాసిస్సును, ఇనుప బాడీని మరలుత్రోవగా చేసికొనిరి. దీపమునకు ఒక తీగ మాత్రము లాగి, రెండవ కొసను దగ్గరనున్న రేకునకు బిగించిన చాలును. సగము రాగి మిగిలినది, సగము చిక్కు తగ్గినది. కాని ఈ పొదుపులోనే రానున్న కాలపు తగవులన్నియు దాగియున్నవి. లాగిన తీగ కంటికి కనబడును, తెగినచో దొరకును, కాలినచో వాసన కొట్టును. మరలుత్రోవయన్ననో బోల్టుల క్రిందను, రంగు పొరల అడుగునను, తుప్పు నడుమను కనబడక వ్యాపించియుండును. బండి ఎలక్ట్రికల్ పనిలో వెర్రి పుట్టించిన దోషములలో అధికభాగము ఈ కనబడని సగములోనివే యని నా అభిప్రాయము.

మన దేశమున రెండవ ప్రపంచయుద్ధము ముగియు వరకు బండ్లు దిగుమతి సరకే. యుద్ధానంతరమున సైన్యము వదలించుకొన్న జీపులు 6 వోల్టులవి. ఇంగ్లండునుండి వచ్చిన బండ్లు క్రమముగా 12 వోల్టులకు మారుచుండినవి. నిజాము రాజ్యమున 1932లో రైలుశాఖ యాజమాన్యమున 27 బస్సులతో ఆరంభమైన ప్రభుత్వ రవాణా, యుద్ధకాలపు సైనిక శిక్షణ, పట్టణములలోని దొరల గ్యారేజీలు — ఇవియే తెలుగునాట మోటారు పని తెలిసినవారికి తొలి పాఠశాలలు. తరువాత 1950ల దశకము చివర మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సంతతియైన అంబాసిడర్ ఉత్తరపాడా కర్మాగారమునుండియు, ఫియట్ 1100 బొంబాయి కుర్లానుండియు బయలుదేరి, దాదాపు మూడు దశాబ్దముల పాటు మన రోడ్లను తామే ఏలినవి. 1961లో మద్రాసున ఏర్పడిన లూకాస్ టీవీఎస్ పాడిలోని తన కర్మాగారమున డైనమోలను, స్టార్టరులను తయారు చేయనారంభించిన మీదట, బర్మింగుహాములో జోసెఫ్ లూకాస్ స్థాపించిన సంస్థ పేరు తెలుగు మేస్త్రీల నాలుకలపై ఇంటిపేరువలె నిలిచిపోయినది. ఇంగ్లీషువారు ఆ లూకాస్‌ను చీకటిరాజని ఎగతాళి చేయుదురు. ఆ నింద న్యాయమైనదని నేననను. నాటి ఇంగ్లీషు బండ్లలో దీపములారిపోవుటకు లూకాస్ పెట్టెలకన్న ఇంగ్లీషు వానయు, దాని వలని తుప్పుయే ఎక్కువ కారణము.

ఆ పెట్టె సంగతి కొంత వివరింపవలసియున్నది. మన మేస్త్రీలు దానిని కటౌట్ అందురు గాని, లూకాస్ ఆర్‌బీ106 వంటి పెట్టెలో నిజమునకు రెండు యంత్రములు ప్రక్కప్రక్కన ఉండును. ఒకటి అసలైన కటౌట్: డైనమో పీడనము సుమారు 13 వోల్టులకు చేరినపుడు బ్యాటరీతో సంబంధము కలుపును, ఇంజను నెమ్మదించినపుడు బ్యాటరీలోని శక్తి వెనుకకు డైనమోలోనికి ప్రవహింపకుండ సంబంధము తెంపును. రెండవది రెగ్యులేటరు: సన్నని తీగ చుట్టిన కాయిలు, దాని ఎదుట స్ప్రింగుతో పట్టియుంచిన చిన్న ఇనుప నాలుక, ఆ నాలుక కొసన రెండు పాయింట్లు. పీడనము హెచ్చినకొలది కాయిలు అయస్కాంతమై నాలుకను లాగును, పాయింట్లు విడిపోవును, డైనమో ఫీల్డు బలహీనమగును, పీడనము తగ్గును, స్ప్రింగు తిరిగి పాయింట్లను కలుపును. ఇది క్షణమునకు అనేక పర్యాయములు జరుగుటచేత మూత తీసి చూచినచో నాలుక వణకుచున్నట్లు మాత్రమే కనబడును, చెవి యొగ్గినచో సన్నని ఝంకారము వినబడును. స్ప్రింగు మరను పావు చుట్టు త్రిప్పి ఛార్జింగును హెచ్చించుట, తగ్గించుట ఆనాటి పనితనమునకు గీటురాయి.

ఇప్పుడు ఓవర్‌ఛార్జింగు మాటకు వత్తము. సీసపు బ్యాటరీ 1859లో ఫ్రాన్సుదేశపు ప్లాంటే కనిపెట్టిన నాటినుండి దాని రసాయన స్వభావము మారలేదు. నిండిన గడికి రెండు వోల్టులకు కొంచెము పైన. ఆరు గడులకు 12.6. నింపుటకు 13.8 మొదలు 14.4 వరకు చాలును. 15 దాటినచో, నిండిపోయిన పలకలు ఇక విద్యుత్తును గ్రహింపలేక దానిని నీటిపై ప్రయోగించును. నీరు ఆక్సిజను, హైడ్రోజనులుగా విడిపోయి బుడగలై లేచును. మేస్త్రీలు బ్యాటరీ ఉడుకుచున్నదందురు. డిస్టిల్డు వాటరు వారము వారము పోయవలసివచ్చును. యాక్సిలరేటరు త్రొక్కినప్పుడెల్ల హెడ్‌లైట్లు తెల్లగా మెరసి, ఒకనాడు రెండు బల్బులును ఒక్కసారి మాడిపోవును. పలకలు వంకరలు తిరుగును. బ్యాటరీ మీద ఆమ్లపు తేమ చెమ్మగిల్లి, టెర్మినళ్ళపై తెల్లగను పచ్చగను పొక్కులు లేచును. హైడ్రోజను చేరిన బ్యాటరీ దగ్గర నిప్పురవ్వ రేగినచో అది పేలుననియు, మూతలు ముఖమున తగులుననియు పనిలో చేరిన పిల్లవానికి మొదటి దినముననే చెప్పెడివారు.

ఈ లక్షణములు చూచినవాడు సహజముగ డైనమోను నిందించును, లేదా రెగ్యులేటరు పాయింట్లు అంటుకొన్నవనుకొనును. పాయింట్లు అంటుకొనుట కలదు. కాని అంతకన్న తరచుగా జరుగునది వేరు. కాయిలు ఒక కొస డైనమోకు చేరియుండగా, రెండవ కొస పెట్టె రేకుద్వారా, పెట్టెను బిగించిన మరద్వారా, ‘ఈ’ అను అక్షరము గల టెర్మినలు తీగద్వారా ఎర్త్‌కు చేరవలయును. ఆ చోట తుప్పు పట్టినను, తీగ వదులైనను కాయిలులో ప్రవాహము సన్నగిల్లును, సన్నగిల్లిన కాయిలు నాలుకను లాగజాలదు, పాయింట్లు విడిపోవు, డైనమో తన శక్తినంతటిని ఆపక కుమ్మరించును. రాళ్ళ తట్ట అడుగున చింతపండు అంటుకొన్న త్రాసుతో తూచు వర్తకుడు తన లెక్క ధర్మముగనే యున్నదని నమ్ముచు ప్రతి వీశెకును కొంత ఎక్కువే ఇచ్చుచుపోవునట్లు, ఎర్త్ చెడిన రెగ్యులేటరు తన కొలతలో 14 వోల్టులే చూచుకొనుచు బ్యాటరీకి 15, 16 పంపుచుండును. కొత్త రెగ్యులేటరు కొని బిగించినచో, మర విప్పి బిగించుటలో తుప్పు కొంత రాలి, దోషము కొన్ని వారములు అణగియుండును, మరల తలయెత్తును. అప్పుడు కొత్త రెగ్యులేటరు దొంగసరకని దుకాణదారునితో కలహము. ఇట్టి కలహములను విన్న పాత మేస్త్రీలు నవ్వుకొనెడివారు గాని, నవ్వినవారిలో అందరికిని కారణము తెలిసియుండెనని చెప్పజాలను.

మరియొక విశేషము. ఓవర్‌ఛార్జింగువలన లేచు ఆమ్లపు ఆవిరి బ్యాటరీ చుట్టుపట్లనున్న రేకును, ఎర్త్ బోల్టును తినివేయును. తినివేసినకొలది ఎర్త్ క్షీణించును. క్షీణించినకొలది ఛార్జింగు హెచ్చును. కార్యమే తన కారణమును పోషించునట్టి ఈ చక్రమును ఎక్కడనో ఒకచోట తెంపనిదే, బ్యాటరీలు ఎన్ని మార్చినను ఫలము లేదు. సముద్రతీరపు పట్టణములగు కాకినాడ, విశాఖపట్టణము, బందరు బండ్లలో ఉప్పుగాలి దీనికి తోడ్పడును.

ఎర్త్ తీగకు ప్రత్యేక స్థానము కలుగుటకు కారణము రబ్బరు. తొలి బండ్లలో ఇంజనును ఛాసిస్సునకు సూటిగ బోల్టులతో బిగించెడివారు గనుక ఇనుమునకు ఇనుము తగిలి విద్యుత్తునకు త్రోవ తానే ఏర్పడెడిది. 1931లో క్రైస్లర్ సంస్థ తన ప్లిమత్ బండిలో ఇంజనును రబ్బరు దిమ్మలపై నిలిపి అదురును పోగొట్టగా, ఆ సుఖమును లోకమంతయు అనుకరించినది. రబ్బరు అదురును ఆపినది. విద్యుత్తును కూడ ఆపినది. అందువలన ఇంజనును, బాడీని కలుపుచు జడవలె అల్లిన రాగిపట్టీ యొకటి తప్పనిసరి యైనది. క్లచ్ పనికో గేర్‌బాక్సు పనికో ఇంజను దింపిన మేస్త్రీ, మరల ఎక్కించునపుడు ఆ పట్టీని బిగించుట మరచినచో ఏమగును? సెల్ఫ్ త్రిప్పుటకు నూరు ఆంపియర్లకు పైబడిన ప్రవాహము కావలయును. దానికి పట్టీ లేకున్నచో వేరొక త్రోవ వెదకికొనును. ఇంజనును బాడీని కలుపు ఇనుప తీగలు ఇంకేమి కలవు? చోక్ తీగ, యాక్సిలరేటరు తీగ. సెల్ఫ్ నొక్కిన క్షణముననే డ్యాష్‌బోర్డు వెనుకనుండి పొగ లేచి, చోక్ పిడి చేతికి కాలి, తీగ దాని గొట్టములోనే అతుకుకొనిపోవును. ఎలక్ట్రికల్ పనితో నిమిత్తము లేని చోక్ తీగ కాలినదేమని బండివాడు విస్తుపోవుచుండగా, అనుభవజ్ఞుడు తీగను చూడక బండి క్రిందికి దూరి పట్టీ కొరకు చూచెడివాడు.

ఇంగ్లీషు బండ్లు మన మేస్త్రీలకు ఇచ్చిన వేరొక పరీక్ష ధ్రువముల వ్యత్యాసము. 1930ల దశకము నడుమ నుండి 1960ల దశకము నడుమ వరకు ఇంగ్లండున తయారైన బండ్లలో అధికభాగము బ్యాటరీ ధనధ్రువమును బాడీకి బిగించెడివి. తుప్పు తక్కువగుననియు, నిప్పురవ్వకు మేలనియు అచటి ఇంజనీర్ల విశ్వాసము. మోరిస్ ఆ సంప్రదాయములోనిది. ఇటలీ సంతతివారును, అమెరికా సంతతివారిలో పలువురును ఋణధ్రువమును ఎర్త్ చేసెడివారు. ఒకే షెడ్డులో ఒకే ఉదయమున రెండు జాతుల బండ్లు నిలిచియుండగా, ఒకదాని బ్యాటరీతో వేరొకదానిని స్టార్టు చేయబోయి బాడీలు తగిలించినచో ఏమగునో చెప్పనక్కరలేదు. డైనమోకు మాత్రము ఈ విషయమున పంతము లేదు. బ్యాటరీనుండి ఫీల్డు టెర్మినలునకు తీగ కొసను క్షణకాలము తాకించినచో, దాని ఇనుములో నిలిచియున్న అయస్కాంతత్వము మారి, ఎట్లు కోరిన అట్లు పనిచేయును. ఈ తాకింపును ప్రతి మేస్త్రీయు ఎరుగును.

డైనమో స్థానమునకు ఆల్టర్నేటరు వచ్చి ఈ అలవాటులకు అడ్డుపడినది. సిలికాన్ డయోడ్లు చౌకయైన పిమ్మట, 1960లో క్రైస్లర్‌వారి వేలియంట్ బండి ఆల్టర్నేటరును అందరికిని అందుబాటులోనికి తెచ్చినది. లూకాస్ సీ40 డైనమో 22 ఆంపియర్లకు మించి ఇయ్యజాలదు, ఇంజను ఐడ్లింగు వేగమున నున్నపుడు ఏమియు ఇయ్యదు. లూకాస్ 17ఏసీఆర్ ఆల్టర్నేటరు 36 ఇచ్చును, ట్రాఫిక్కులో నిలిచియున్నను ఎంతోకొంత ఇచ్చుచునే యుండును. డయోడ్లే ప్రవాహమును వెనుకకు మరలకుండ ఆపుటచేత కటౌట్ అక్కరలేకపోయినది. మన దేశమున ఈ మార్పు నెమ్మదిగ జరిగినది. అంబాసిడర్లు, ఫియట్లు చాలకాలము డైనమోలనే మోసినవి. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 ఆల్టర్నేటరుతోనే పుట్టినది. అప్పటికి పాతబండ్లవారు సైతము డైనమో ఊడదీసి ఆల్టర్నేటరు బిగించుకొనుటకు ఆరంభించిరి. ధన ఎర్త్ బండికి మొదట ధ్రువములు మార్చి, ఆమ్మీటరు తీగలు త్రిప్పి, ఆ పిమ్మట ఆల్టర్నేటరు బిగింపవలయును; క్రమము తప్పినచో డయోడ్లు క్షణములో బూడిద.

డైనమో కాలపు మేస్త్రీకి ఒక పరీక్ష ప్రాణసమానము: ఇంజను నడుచుచుండగా బ్యాటరీ టెర్మినలును ఊడదీయుట. ఇంజను ఆగకున్నచో డైనమో మంచిదే. ఆల్టర్నేటరుకు ఇదే పరీక్ష చేసినచో, బ్యాటరీ యను భారము హఠాత్తుగ తొలగుటచేత పీడనము అనేక రెట్లు ఎగిరి డయోడ్లను, రెగ్యులేటరును చంపివేయును. బాగున్న యంత్రమును పరీక్షించి పాడుచేసి, పిదప పాడైనదని తీర్పు చెప్పుట ఆ కాలమున ఎన్ని షెడ్లలో జరిగెనో! బాడీ వెల్డింగువారు బ్యాటరీ తీయకయే వెల్డింగు చేయుట ఇట్టి దోషములలో రెండవది.

విజయవాడలో 1960ల దశకమున వెలసిన ఆటోనగరును చూచినవారికి ఈ దోషములు ఎట్లు పుట్టునో సులువుగ తెలియును. అచట ఒక్కొక్క వీధికి ఒక్కొక్క విద్య: బాడీ బిల్డింగు, కమాను పట్టీలు, లేత్ పని, రేడియేటర్లు, బ్యాటరీలు, వైండింగు, పెయింటింగు. ఎవరి పని వారు నిపుణముగ చేయుదురు. ఎర్త్ మాత్రము ఎవరి పనియు కాదు. పెయింటరు పాత రంగు గోకి, పుట్టీ పెట్టి, మెరుగు పెయింటు కొట్టి, ఎర్త్ బోల్టు క్రింది రేకును సైతము అద్దమువలె కప్పివేయును. టింకరు కొత్త రేకు అతికి పాత ఎర్త్ కన్నమును పూడ్చివేయును. ఇంజను మేస్త్రీ పట్టీ మరచును. చివరకు బండి ఎలక్ట్రీషియను ముంగిటికి వచ్చును. బాడీ పని చేయించిన మరుసటి నెలలో పుట్టిన ఛార్జింగు దోషమునకు మందు మొదట రంగు గోకుటయే యని నేను నిస్సంకోచముగ చెప్పగలను.

ఆ ఎలక్ట్రీషియను చేతిలోని ఆయుధము టెస్ట్ ల్యాంపు. చిన్న బల్బు, రెండు తీగలు, ఒక కొసన సూది. ఎన్నో ఏండ్లు అన్నము పెట్టినదదే. కాని ఎర్త్ విషయమున అది అబద్ధము చెప్పును. 5 వాట్ల బల్బునకు అర ఆంపియరు కూడ అక్కరలేదు. తుప్పు పట్టిన బోల్టుద్వారా అంతటి ప్రవాహము సులువుగ పోవుటచే బల్బు చక్కగా వెలిగి, ఎర్త్ బాగున్నదని సాక్ష్యమిచ్చును. అందుకే తెలిసినవారు హెడ్‌లైటు బల్బునే తీగలకు కట్టి టెస్ట్ ల్యాంపుగా వాడెడివారు. నాలుగు ఆంపియర్లు పోవలసివచ్చునప్పటికి చెడిన ఎర్త్ గుట్టు బయటపడి బల్బు ఎర్రగ మినుకుమినుకుమనును. మల్టీమీటరు చౌకయైన తరువాత ఈ యుక్తికి అంకెల బలము చేకూరినది. ఇంజను నడుపుచు, హెడ్‌లైట్లు వేసి, మీటరు ఒక ముల్లు బ్యాటరీ ఎర్త్ కొయ్యపైనను, రెండవది ఆల్టర్నేటరు ఒంటిపైనను, తరువాత రెగ్యులేటరు రేకుపైనను, తరువాత బాడీపైనను ఉంచవలయును. అంకె 0.2 వోల్టులకు లోపలనున్నచో ఎర్త్ నిర్దోషి. 1 కి చేరినచో వెదకవలసిన చోటు దొరికినట్లే.

హెడ్‌లైట్లు వేసి చూడవలయునని చెప్పితిని. దానికి కారణము కలదు. బ్యాటరీ ఎర్త్ తీగను సూటిగ ఇంజనుకు బిగించి, రెగ్యులేటరును వేరుగ బాడీ రేకునకు బిగించిన పాతబండి యొకటి యనుకొనుడు. ఇంజనును బాడీని కలుపు పట్టీ తుప్పుపట్టి, దానిలో ఓమ్‌లో పదియవ వంతు నిరోధము ఏర్పడినది. పగలు దీపములు లేవు, బాడీగుండ మరలు ప్రవాహము కొద్ది, మీటరు 14.2 చూపును, మేస్త్రీ బండి బాగున్నదని పంపివేయును. రాత్రి దీపములు వేయగనే పది ఆంపియర్లు ఆ పట్టీగుండ మరలవలసివచ్చును. పదిని పదియవ వంతుతో గుణింపగా ఒక వోల్టు. బాడీయంతయు బ్యాటరీ ఎర్త్‌కన్న ఒక వోల్టు ఎత్తున నిలుచును; బాడీని ఆధారము చేసికొన్న రెగ్యులేటరు ఆ వోల్టు తక్కువగ కొలుచును; బ్యాటరీకి 15.2 పోవును. దీపములు వేసినచో ఛార్జింగు తగ్గవలసినది హెచ్చుచున్నదేమని బండివాడు మొరపెట్టుకొనును, పగటి మేస్త్రీ నమ్మడు. ఇగ్నిషన్ స్విచ్చిలోని పాత పాయింట్లు అరిగి, రెగ్యులేటరునకు కొలత తెచ్చు తీగలో పీడనము పడిపోయినను ఫలితమిదే; అందుచేత ఎర్త్ వైపు నిర్దోషియని తేలిన పిదప ఆ వైపు చూడవలయును.

రెగ్యులేటరు ఆల్టర్నేటరు వీపునే ఎక్కి కూర్చున్న తరువాత ఈ లక్షణము తలక్రిందులైనది. బ్యాటరీ ఎర్త్‌ను బాడీకి బిగించిన బండిలో, తన కొలతను తన ఒంటినుండియే తీసికొను యంత్రమునకు ఇంజను పట్టీ చెడినను, తన దగ్గర 14.2 కనబడును, నడుమ పోయిన వోల్టు బ్యాటరీకి లోటగును. ఒకప్పుడు బ్యాటరీని ఉడికించిన దోషమే ఇప్పుడు దానిని పస్తులుంచును. రెంటికిని మందొకటే: బోల్టు విప్పి, రేకును మెరయునట్లు గీకి, పట్టీ కొసలు శుభ్రపరచి, బిగించి, పైన పలుచగ గ్రీజు పూయుట, అనుమానమున్నచో ఇంజనునుండి బ్యాటరీకి సూటిగ మరియొక దళసరి తీగ లాగుట.

ఈ రెండవ తీగ మన మేస్త్రీల పరమౌషధము. ఎన్ని పాత అంబాసిడర్లు దానితో బ్రతికినవో లెక్కలేదు. అదే చేతివాటముతో వారు ఇటీవలి బండ్లకు పోవుచున్నపుడు మాత్రము ఒక చిక్కు ఎదురగుచున్నది. ఈనాటి అనేక బండ్లలో బ్యాటరీ ఋణధ్రువపు కొయ్యకే ప్రవాహమును కొలుచు సెన్సరు తగిలించియుండును. ఎంత పోయినది, ఎంత వచ్చినది అను పద్దు చూచి కంప్యూటరు ఛార్జింగును హెచ్చించును, తగ్గించును. ఆంప్లిఫయరుకో అదనపు దీపములకో ఎర్త్ తీగను సూటిగ ఆ కొయ్యకే కట్టినచో, ఆ ప్రవాహము సెన్సరు కంట పడకయే మరలిపోయి పద్దు తప్పును. తీగను సెన్సరుకు ఆవలి ప్రక్క, బాడీవైపు బోల్టుకు బిగింపవలయును.